పాలమూరులో ఇళయరాజా వయోలిన్లు

వయోలిన్ కచేరీ వినడానికి మహబూబ్‌నగర్ పోతున్నామంటే మిర్యాలగూడలో నవ్వనివాళ్లు లేరు. అట్లాంటివి వినాలంటే హైదరాబాద్ పోవాలి, రవీంద్రభారతిలో కూర్చోవాలి అన్నది అందరి లెక్క. కానీ వాయించేది ఇళయరాజా సంగీతం, అదీ సినిమా పాటలు కాదు. 1986లో ఆయన ‘హౌ టు నేమ్ ఇట్?’ అని ఒక ఆల్బమ్ చేశారు. సాహిత్యం లేదు, వయోలిన్లదే రాజ్యం. దాన్ని త్యాగరాజుకూ, జర్మనీ స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చారు. ఆ రచనలను హైదరాబాద్ బృందం ఒకటి పాలమూరులో ఒక కాలేజీ ఆడిటోరియంలో వాయిస్తుందని తెలిసి నేను, మా ఆవిడ, మా బావమరిది కారులో బయల్దేరాం. టికెట్ మూడు వందలు.

మిర్యాలగూడ నుంచి హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి, మిడ్జిల్ మీదుగా జడ్చర్ల దాకా 167వ నంబర్ జాతీయ రహదారే. పేరుకు జాతీయ రహదారి గానీ ఊళ్లు వచ్చినచోటల్లా స్పీడ్ బ్రేకర్లు, మేకల మందలు, రోడ్డు మీద ఆరబోసిన మక్కలు. రాత్రిపూట ఈ దారిన రావద్దని నా సలహా. కల్వకుర్తిలో చాయ్‌కి ఆగొచ్చు. అంతకుమించి దారి గురించి చెప్పుకునేదేం లేదు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు ఈ తిప్పలు లేవు. కాచిగూడ నుంచి రైళ్లున్నాయి, బస్సులకు కొదవే లేదు.

బస సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. న్యూటౌన్‌లో ఒక లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. దుప్పట్లు ఉతికినవి, బాత్రూం శుభ్రం, ఏసీ పనిచేసింది. గీజర్ పనిచేయలేదు. కిందికి ఫోన్ చేస్తే కుర్రాడొకడు వచ్చి, “సార్, అది నెల నుంచి ఖరాబే. ఏమనుకోకుండ్రి, బకెట్ల వేడినీళ్లు తెచ్చిస్త” అని నిజంగానే రెండంతస్తులు మోసుకొచ్చాడు. లాడ్జికి మార్కులు తగ్గించి ఆ పిల్లవాడికి కలపాలనిపించింది. ఎదురుగా ఫంక్షన్ హాలుంది. పెళ్లిళ్ల రోజుల్లో ఆ వీధిలో గది తీసుకుంటే డీజేకి కూడా డబ్బులు కట్టినట్టే. గది బుక్ చేసేముందు కిటికీ ఎటువైపుందో అడగండి.

ఇక కచేరీ. ఆరింటికన్నారు, ఏడు దాటాక మొదలైంది. మధ్యలో గడిచిందంతా శాలువాలు, మెమెంటోలు, ‘వేదికనలంకరించవలసిందిగా’లు. వ్యాఖ్యాత మాత్రం చదువుకుని వచ్చాడు. 2025 మార్చి 8న లండన్‌లోని ఈవెంటిమ్ అపోలోలో ఇళయరాజా సింఫొనీ ‘వాలియంట్’ను రాయల్ ఫిల్హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా వాయించిందని చెబితే హాలంతా చప్పట్లు కొట్టింది. మద్రాసులో ధనరాజ్ మాస్టర్ దగ్గర ఆయన పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న సంగతీ చెప్పాడు. ఇక్కడ నాకో మాట గుర్తొచ్చింది. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ కూడా 1991లో ‘లివర్‌పూల్ ఓరటోరియో’ అని పెద్ద రచన చేశారు. కానీ ఆయనకు స్వరలిపి రాయడం రాదు, కార్ల్ డేవిస్ తోడుగా నిలిచి పని నడిపించారు. ఇళయరాజా అట్లా కాదు. ఏ వాద్యం ఏం వాయించాలో తన చేత్తో కాగితం మీద రాసి ఇస్తారు. అందుకే ఆయన లేకపోయినా, ఆ కాగితాలుంటే పాలమూరులో నలుగురు కుర్రాళ్లు వాయించగలిగారు.

మేం కూర్చున్నది హాలు మధ్యలో, మంచి సీట్లే. అయినా మొదటి రచన విని నీరసం వచ్చింది. సౌండ్ ఆపరేటర్ పెళ్లి ఆర్కెస్ట్రాకు అలవాటు పడ్డ మనిషి కాబోలు, వయోలిన్లకు ఎకో పెట్టాడు. బేస్ పెంచేసరికి చెల్లో (వయోలిన్ జాతిలో మంద్రంగా పలికే పెద్ద వాద్యం) గొంతు బొంగురుపోయింది. నాలుగు వాద్యాలు నాలుగు దారుల్లో నడవాల్సిన సంగీతమిది. ఎకో పెడితే నాలుగూ కలిసి ముద్దవుతాయి.

స్టేజీ ముందు ఎడమపక్కన జంపఖానా పరిచి పిల్లల్ని కూర్చోబెట్టారు. రెండో రచన మొదలవుతుండగా నేను లేచిపోయి వాళ్ల పక్కన కూర్చున్నా. సౌండ్ బాక్సులు నా వెనక్కి పోయాయి. తీగల మీద కమాను రాసుకునే చప్పుడు నేరుగా చెవిన పడింది. వయోలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా అనే వాద్యం ఒకటుందని మా బావమరిదికి తెలిసింది కూడా అక్కడికొచ్చి కూర్చున్నాకే. ఇలాంటి కచేరీకి ఎవరైనా పోతే, వీఐపీ సోఫాలు వదిలేసి వాద్యాలకు పదడుగుల లోపల ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చోండి.

అక్కడే ఒక పెద్దాయన, ధోవతి, తెల్ల చొక్కా, నన్ను అడిగాడు: “పాట ఎప్పుడు పాడుతరు సారూ?”

“పాట లేదు పెద్దయ్యా, వాయిద్యమే.”

“గట్లనా” అని ఊరుకున్నాడు. పోతాడనుకున్నా, పోలేదు. ‘మ్యాడ్ మాడ్ మూడ్ ఫ్యూగ్’ అందుకున్నారు. ఫ్యూగ్‌లో ఒక వయోలిన్ ఒక వరస ఎత్తుకుంటుంది. అది నడుస్తుండగానే రెండోది అదే వరసను వేరే స్థాయిలో మొదలుపెడుతుంది, తర్వాత మూడోది. ఆ లెక్క బాఖ్ నాటిది, వినిపించే వాసన మాత్రం మన రాగాలది. పెద్దాయన మోకాలి మీద తాళం వేస్తూ వేస్తూ నా వైపు వంగి, “మా భజనల ముంగటోడు పాడి ఆపినంకనే ఎనకోళ్లు అందుకుంటరు. ఈడ ఎనకోడు అందుకున్నా ముంగటోడు ఆపుతలేడు సూడు” అన్నాడు. ఫ్యూగ్ గురించి ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. ఆయనది మన్నెంకొండ దగ్గరి పల్లె. ఇక్కడి వాగ్గేయకారుడు హనుమద్దాసు కీర్తనలు పాడే భజన బృందంలో చిన్నప్పటి నుంచీ ఉన్నాడట.

తర్వాత ‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’. ఒంటి వయోలిన్ కోసం బాఖ్ రాసిన మూడో పార్టీటా (కొన్ని చిన్న రచనల గుచ్ఛం) లోని ప్రెల్యూడ్, అంటే మొదటి భాగం, అందులో ఉంది. బాఖ్ స్వహస్తంతో రాసిన ఆ ప్రతి మీద 1720 అని ఉంటుంది. దాని చుట్టూ ఇళయరాజా తన వరసలు అల్లారు. బాఖ్ 1750లో పోయాడు, త్యాగరాజు 1767లో పుట్టాడు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు విననివాళ్లు. ఆల్బమ్‌లో ప్రధాన వయోలిన్ వాయించింది వి.ఎస్. నరసింహన్. ఆ స్థాయిలో వాయించడం ఈ కుర్రాళ్ల వల్ల కాలేదు, రెండుచోట్ల తడబడ్డారు కూడా. అయినా ఆ ప్రెల్యూడ్ పరుగు ఆగలేదు. నాకదే చాలు.

చిరాకు పుట్టించింది విరామం తర్వాత. నిర్వాహకుల్లో ఒకాయన మైకు తీసుకుని, “ఇంతసేపూ ఓపికగా విన్నారు, ఇక మీకు నచ్చే సినిమా పాటలు” అన్నాడు. ఎవరడిగారు? హాల్లోంచి లేచి పోయినవాళ్లు పదిమంది కూడా లేరు. బృందం పాపం నాలుగు సినిమా ట్యూన్లు వాయించింది, చప్పట్లు బాగానే పడ్డాయి. కానీ జాబితాలో ఉన్న రెండు రచనలు ఎగిరిపోయాయి. పన్నెండు మెట్ల కిన్నెరతో దర్శనం మొగిలయ్య పద్మశ్రీ దాకా పోయింది 2022లో. ఆయనది ఈ పాత ఉమ్మడి పాలమూరు జిల్లానే. తీగ వాద్యం ఈ నేల మనుషులకు ఎక్కదని ఎవరు చెప్పారో! జనానికి అర్థం కాదన్న భయం ఎప్పుడూ స్టేజీ మీదే ఉంటుంది. పెద్దాయన మాత్రం సినిమా పాటలు మొదలవగానే చెప్పులు వెతుక్కున్నాడు. “పొద్దున కొండకు రాండ్రి” అని చెప్పి పోయాడు.

రాత్రి భోజనం బస్టాండు దగ్గర ఒక చిన్న మెస్‌లో. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు. పెద్దమ్మ చేత్తో రొట్టె కొట్టి పెనం మీంచి నేరుగా పళ్లెంలో వేసింది. ముగ్గురికీ కలిపి లాడ్జిలో అడిగిన ఒక బిర్యానీ ధర కూడా కాలేదు. ఆ ఊళ్లో తినాల్సింది ఇదే.

పొద్దున మన్నెంకొండ పోయాం. రాయచూరు రోడ్డులో, ఊరికి అరగంట దూరం. ఉలి ముట్టని స్వామి, తవ్వని కోనేరు, చెక్కని పాదాలు అని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. కింద అలివేలు మంగమ్మ గుడి, ఘాట్ రోడ్డెక్కితే పైన గుహలో వెంకటేశ్వరస్వామి. మామూలు రోజు కాబట్టి దర్శనం తొందరగా అయింది. మాఘమాసం ఉత్సవాల్లో అయితే ఇలా ఉండదు. తాగునీళ్లు వెంట తీసుకుపోండి, పైన కోతులతో జాగ్రత్త. పెద్దాయన, ఇంకో ముగ్గురు మండపంలో కూర్చుని హార్మోనియం, తాళాలతో హనుమద్దాసు కీర్తన అందుకున్నారు. మైకు లేదు. నిన్నటి ఆడిటోరియం కంటే ఆ రాతి మండపంలోనే శబ్దం శుభ్రంగా ఉంది. నిర్వాహకులెవరైనా ఇది చదివితే, వచ్చేసారి తీగ వాద్యాలకు ఇలాంటి చోటు చూడండి. సౌండ్ అద్దె కూడా మిగులుతుంది.

పిల్లలమర్రి చూడకుండా రావద్దని మా ఆవిడ పట్టు. ఏడు వందల ఏళ్ల చెట్టంటారు. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగింది, మరుసటేడు చెదలకు మందు సెలైన్ సీసాలతో ఎక్కించారు. ఊడలు పట్టుకుని ఊగే రోజులు పోయాయి, ఇప్పుడు దూరం నుంచి చూడటమే. ఎండ ఎక్కకముందు పోతే గంట సరిపోతుంది. పక్కనే ఉన్న మ్యూజియంలో పాత శిల్పాలున్నాయి. పిల్లలకంటే పెద్దవాళ్లకే నచ్చుతుంది.

తిరుగుదారిలో జడ్చర్ల దగ్గర సీతాఫలాల గంపలు. ఈ ప్రాంతం బాలానగర్ రకానికి పేరు. గంప మొత్తం కొంటేనే బేరం కుదురుతుంది, పైన పెద్దవి పేర్చి కింద చిన్నవి పెడతారు కాబట్టి ఒకసారి గుమ్మరించి చూడమనండి. కళ్లు విచ్చుకున్నవి ఆ రోజుకు, పచ్చివి గడ్డిలో వేసుకుంటే రెండు మూడు రోజులకు. మేం రెండు గంపలు తీసుకున్నాం. హాలియా వచ్చేసరికి ఒక గంపలో సగం మా బావమరిది ఖాళీ చేశాడు.