ఆర్‌డీ 350, సీబీ 350: ఆయిల్ దగ్గర తేడా

ఇక్కడ పోల్చేది రెండు పాత బైకుల్ని. మొదటిది యమహా ఆర్‌డీ 350, మన దేశంలో 1983లో రాజ్‌దూత్ 350గా వచ్చింది. రెండోది 1968లో వచ్చిన రెండు సిలిండర్ల హోండా సీబీ 350. ఇప్పటి షోరూముల్లో దొరికే సీబీ 350 కాదు.

హోండాలో ఇంజిన్‌కీ గేర్లకీ క్లచ్‌కీ ఒకటే ఆయిల్, సుమారు 2 లీటర్లు. పేపర్ ఫిల్టర్ వెతక్కండి, ఉండదు. ఇంజిన్ కుడివైపు గుండ్రటి చిన్న మూత వెనక వేగంగా తిరిగే గిన్నె ఉంటుంది, అదే ఫిల్టర్. మడ్డి దాని గోడలకు చేరి గట్టిపడుతుంది. ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా, గిన్నె విప్పి తుడవకపోతే ఆ మడ్డి పోదు. కార్ల ఆయిల్ పోయకండి, క్లచ్ జారే ప్రమాదం ఉంది. జాసో ఎంఏ (బైకుల ఆయిల్‌కి జపాన్ ప్రమాణం) అని రాసి ఉన్నదే తీసుకోండి.

ఆర్‌డీ టూ స్ట్రోక్, అంటే ఆయిల్ పెట్రోల్‌తో పాటే కాలిపోయే రకం ఇంజిన్. వేరే ట్యాంకులోని టూటీ ఆయిల్‌ని (టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్) ఆటోలూబ్ అనే పంపు ఇంజిన్‌కి అందిస్తుంది. గేర్‌బాక్స్ ఆయిల్ వేరు. పంపు తీసేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను: యాక్సిలరేటర్‌ని బట్టి ఆయిల్ కొలిచిచ్చే చక్కటి పనితనం అది. కాకపోతే ఆయిల్ ట్యాంకు ఒక్కసారి ఎండినా పైపులో గాలి తీయాల్సిందే, లేదంటే ఆయిల్ అందక పిస్టన్ పట్టేస్తుంది.

మొదటి పాత బండి కొనేవాళ్లకు నేను హోండానే చెబుతాను. దాని డిప్‌స్టిక్‌ని (ఆయిల్ కొలిచే కడ్డీ) మాత్రం బిగించకుండా, ఊరికే ఆనించి లెవెల్ చూడండి.