జీటీ86కు ఫెరోడో డీఎస్2500 ప్యాడ్లు, సాదా రోటర్లు: ఎందుకు ఎంచుకున్నాను, ఎలా పనిచేస్తున్నాయి

టయోటా జీటీ86 వంటి తేలికపాటి స్పోర్ట్స్ కారును మామూలు రోజుల్లో రోడ్డు మీద నడుపుతూ, వీలు దొరికినప్పుడల్లా ట్రాక్ మీదికి కూడా తీసుకువెళ్లేవారికి నేను ధైర్యంగా సూచించగలిగిన జత ఒకటుంది. ఫెరోడో డీఎస్2500 బ్రేకు ప్యాడ్లు, వాటికి తోడుగా రంధ్రాలూ గాడులూ లేని, కార్బన్ శాతం ఎక్కువగా ఉన్న పోత ఇనుముతో చేసిన సాదా రోటర్లు (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లేలు, ప్యాడ్లు నొక్కేది వీటినే). నా కారుకు ముందూ వెనుకా ఇవే బిగించాను. బ్రేకుల విషయంలో చాలామంది డబ్బు పెడుతున్న చోటు ఒకటి, కారుకు నిజంగా అవసరమైన చోటు మరొకటి అవుతున్నాయి కనుక, చూడడానికి ఏ ఆకర్షణా లేని ఈ సామగ్రిని ఎందుకు ఎంచుకున్నానో, ఇది ఎవరికి సరిపోదో కొంత వివరంగా రాస్తున్నాను.

బ్రేకు చేసే పని కారు వేగాన్ని వేడిగా మార్చడమే. నడిపే మనిషితో కలిపి 1,300 కిలోలు తూగే కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగినప్పుడు దాదాపు 5 లక్షల జూళ్ల శక్తి వేడిగా మారుతుంది. అదే కారు 200 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే ఆ లెక్క 20 లక్షల జూళ్లకు చేరుతుంది. అందులో 70 శాతం ముందు చక్రాల మీద పడుతుందనుకుంటే, 7 కిలోల ఇనుప రోటరు ఆ ఒక్క తొక్కుడుకే 200 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. రోడ్డు మీద మళ్లీ అంత గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చేలోపు అది చల్లారిపోతుంది. ట్రాక్ మీద మాత్రం తరువాతి మలుపు కొద్ది సెకన్లలోనే ఎదురవుతుంది, పాత వేడి దిగకముందే కొత్త వేడి ఎక్కుతుంది. అందువల్ల ప్యాడ్ కొనేవారు మొదట తెలుసుకోవలసింది తమ రోటర్లు ఎంత వేడెక్కుతున్నాయన్నది.

దానికి ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు. రోటరు అంచున పూసే ఉష్ణ సూచక రంగులు మూడు రకాలుగా దొరుకుతాయి: ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర తమ రంగు మార్చుకుంటాయి. ట్రాక్ మీద నడిపి వచ్చాక నా ముందు రోటర్ల మీద ఆకుపచ్చ పూర్తిగా తెల్లబడింది, నారింజ చెక్కుచెదరలేదు. అంటే 430కీ 560కీ మధ్య ఎక్కడో ఉన్నానన్నమాట. రోడ్డుకోసం తయారైన ప్యాడ్లు సాధారణంగా పట్టు కోల్పోవడం మొదలుపెట్టే ప్రాంతం ఇదే. పూర్తి స్థాయి రేసు ప్యాడ్లు అవసరమయ్యేంత వేడి మాత్రం ఇది కాదు. ఈ ఒక్క పరిశీలనతోనే నా ఎంపిక సగానికి పైగా తేలిపోయింది.

డీఎస్2500 సరిగ్గా ఈ మధ్య స్థానానికి తగిన ప్యాడ్. దీని సగటు ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంత బలమైనదో చెప్పే అంకె, 0.42 అని తయారీదారు ప్రకటించారు. అంకె అంత పెద్దదేమీ కాదు. మొదటి తాకిడికే గట్టిగా పట్టేసే ప్యాడ్లు మార్కెట్‌లో చాలానే ఉన్నాయి. నాకు నచ్చింది ఆ పట్టు చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కిన తరువాతా పెద్దగా మారకపోవడం. ఉదయాన్నే చల్లటి బ్రేకుతో బయలుదేరినా పెడల్ కింద ఏ ఖాళీతనమూ అనిపించదు. ట్రాక్ మీద ఎన్నోసార్లు గట్టిగా తొక్కిన తరువాత కూడా పాదం వేసిన బలానికి తగినంతే కారు నెమ్మదిస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది వదిలేటప్పటి తీరు: మలుపులోకి దిగుతూ బ్రేకును కొద్దికొద్దిగా సడలించేటప్పుడు ప్యాడ్ కూడా అంతే నెమ్మదిగా రోటరును వదులుతుంది. కొన్న పెట్టె మీద ఎక్కడా రాసి ఉండని గుణమిది, వేగంగా నడిపేవారికి అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చేదీ ఇదే.

ప్యాడ్ అంచున అచ్చువేసి ఉండే రెండక్షరాల సంకేతం గురించి ఒక మాట. అమెరికాలోని వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ ప్రమాణం ప్రకారం మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో ఘర్షణ గుణకాన్ని సూచిస్తాయి. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45 వరకు, జీ అంటే 0.45 నుంచి 0.55 వరకు. రెండు అక్షరాలూ ఒకటే అయితే మంచిదని చెబుతారు. రోడ్డు వాడకానికి అది నిజమే. అయితే ఆ పరీక్ష సుమారు 340 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, 500 డిగ్రీల దగ్గర ఆ ప్యాడ్ ఏం చేస్తుందో ఆ అక్షరాలు చెప్పలేవు. దానికి తయారీదారు ఇచ్చే ఉష్ణోగ్రత, ఘర్షణల గ్రాఫునే చూడాలి. గ్రాఫు ఇవ్వకుండా పెద్ద పెద్ద మాటలు మాత్రమే రాసే ప్యాడ్లను నేను పక్కన పెట్టేశాను. ఇక యూరప్‌లో రోడ్డు వాహనాలకు వేసే ప్రత్యామ్నాయ ప్యాడ్లకు ఆర్90 అనే ఆమోదం ఉంటుంది. ట్రాక్ కోసం చేసిన ప్యాడ్లలో చాలావాటికి అది ఉండదు కనుక, తమ దేశపు నియమాలేమిటో కొనకముందే చూసుకోవడం మేలు.

ఈ తరగతి ప్యాడ్లకు ఉన్న లోపాలను దాచడం నా ఉద్దేశం కాదు. నెమ్మదిగా వెళుతూ తేలికగా బ్రేకు వేసినప్పుడు కిర్రుమని శబ్దం రావచ్చు. చక్రాల మీద నల్లటి పొడి కంపెనీ ప్యాడ్లకంటే త్వరగా పేరుకుంటుంది. నిశ్శబ్దమూ శుభ్రమైన చక్రాలూ ముఖ్యమనుకునేవారు, ట్రాక్ మీదికి ఎప్పుడూ వెళ్లనివారు వీటిని కొనవద్దు. కారుతో వచ్చిన కంపెనీ ప్యాడ్లే వారికి అన్నివిధాలా మెరుగు.

రోటర్ల విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిది. వేడి ఎక్కడ దాచుకోవాలన్న ప్రశ్నకు జవాబు ఇనుము బరువు, అందులో నుంచి గాలి పారే దారులు. రంధ్రాలు పొడిచిన కొద్దీ వేడిని దాచుకునే ఇనుము తగ్గుతుంది, పదేపదే వేడెక్కి చల్లారే క్రమంలో ఆ రంధ్రాల అంచుల నుంచే సన్నటి పగుళ్లు మొదలవుతాయి. వానలో మొదటి తాకిడి కొంత చురుగ్గా ఉండడం రంధ్రాలవల్ల కలిగే లాభమే, పోర్షే వంటి సంస్థలు కారుతో పాటే అలాంటి రోటర్లను ఇస్తున్న మాటా నిజమే. అయితే అవి ఆ కారు బరువుకూ గాలి మార్గాలకూ తగ్గట్టు పరిమాణం లెక్కవేసి చేసినవి. 294 మిల్లీమీటర్ల వ్యాసం, 24 మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉన్న జీటీ86 ముందు రోటరులో నుంచి ఇనుమును తీసివేయడం నాకు సమంజసంగా తోచలేదు. గాడులు కొంత నయం. ప్యాడ్ ముఖాన్ని శుభ్రంగా ఉంచుతాయి, బదులుగా ప్యాడ్‌ను త్వరగా అరగదీస్తాయి, ఒకరకమైన గరగర శబ్దాన్నీ తెస్తాయి.

గాలి పారడానికి రెండు ముఖాల మధ్య వంపు తిరిగిన లోపలి రెక్కలున్న రోటర్లు కొంటే ఎడమదీ కుడిదీ వేరువేరుగా ఉంటాయని మరవకూడదు. చక్రం ముందుకు తిరిగే దిశకు ఆ రెక్కలు వెనక్కి వాలి ఉన్నప్పుడే గాలిని మధ్య నుంచి బయటికి బాగా తోస్తాయి. పైన కనిపించే గాడుల వాలును చూసి దిశ నిర్ణయించడం సరికాదు, లోపలి రెక్కలనే చూడాలి.

రెండు ముక్కల రోటర్ల ఖర్చుకు మాత్రం అర్థం ఉంది, కాకపోతే అది పెద్ద కార్లకు. 350 మిల్లీమీటర్ల ఇనుప వలయం 500 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒకే ముక్కగా పోసిన రోటరులో మధ్యభాగం అంత పెరగలేదు కాబట్టి ముఖం గొడుగులా ఒక పక్కకు ఒరుగుతుంది. అల్యూమినియం మధ్యభాగానికి వలయం కొంచెం కదిలే వీలుతో బిగించి ఉంటే ఆ ఒత్తిడి ఉండదు, బరువూ తగ్గుతుంది. కార్బన్ సిరామిక్ రోటర్ల గురించి ఇక్కడ చర్చ అనవసరం; ఈ స్థాయి కారుకు వాటి ధర ఏ విధంగానూ తగదు.

బిగించే పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు హబ్ ముఖం, అంటే రోటరూ చక్రమూ ఆనుకుని బిగిసే భాగం. అక్కడ తుప్పు పొర కొంచెం మిగిలినా రోటరు అటూఇటూ ఊగుతూ తిరుగుతుంది. ఆ ఊగు 0.05 మిల్లీమీటర్లు దాటితే కొన్ని వేల కిలోమీటర్లకే పెడల్ కంపించడం మొదలవుతుంది. రోటరు వంగిపోయిందని మెకానిక్‌లు చెప్పే సందర్భాల్లో ఎక్కువ భాగం నిజానికి వంపు కాదు, ప్యాడ్ పదార్థం రోటరు మీద ఒకచోట మందంగా, ఒకచోట పలచగా అంటుకోవడం. అందుకే కొత్త ప్యాడ్లను రోటరుకు అలవాటు చేసే పనిని, అంటే బెడ్డింగ్‌ను దాటవేయకూడదు. ఖాళీ రోడ్డు మీద 100 కిలోమీటర్ల వేగం నుంచి 15 దాకా, పూర్తిగా ఆపకుండా, వరుసగా ఎనిమిది పదిసార్లు గట్టిగా నెమ్మదించి, తరువాత బ్రేకు ముట్టకుండా చల్లారేదాకా నడపాలి. వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కిపట్టి కారును నిలిపితే ప్యాడ్ ఆనవాలు రోటరు మీద అచ్చుపడి పోతుంది. వేరే రకం ప్యాడ్లు వాడిన పాత రోటర్ల మీద ఈ ప్యాడ్లు వేయదలచుకుంటే పాత పొరను ముందుగా గరుకు కాగితంతో తీసివేయాలి. రోటరు మీద అచ్చువేసి ఉన్న కనీస మందానికి దగ్గరపడితే ఆ పొదుపు వద్దు, కొత్తవే కొనాలి.

ఇంత చేసీ బ్రేకు ఆయిల్ మార్చకపోతే ప్రయోజనం లేదు. డాట్ అనేది బ్రేకు ఆయిల్ ప్రమాణం; కొత్త డాట్ 4 ఆయిల్‌కు ఉండవలసిన కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు, తేమ పీల్చుకున్నాక లెక్కించే కనీసం 155 మాత్రమే, డాట్ 5.1కు ఆ అంకెలు 260, 180. ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు చేరి, ప్యాడ్ ఎంత మంచిదైనా పెడల్ నేలకు దిగిపోతుంది. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే తప్పు ప్యాడ్‌ది, పెడల్ మెత్తబడితే తప్పు ఆయిల్‌ది. ఈ తేడా తెలిసినవారు అనవసరంగా ప్యాడ్లు మార్చరు.

చివరిగా, ముందు ప్యాడ్లను మాత్రమే మార్చి వెనుక పాతవే ఉంచాలనుకునేవారికి ఒక సూచన. ముందు పట్టు పెరిగి వెనుక అలాగే ఉంటే బ్రేకు భారమంతా ముందుకు జరుగుతుంది, ముందు రోటర్లు ఇంకా వేడెక్కుతాయి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అవసరానికి మించి త్వరగా పనిలోకి దిగుతుంది. వెనుక కూడా అదే రకం వేసినప్పటి నుంచి నా కారు గట్టిగా బ్రేకు వేసినా ముక్కు దించకుండా, నాలుగు చక్రాల మీదా సమంగా కూర్చుంటోంది. ఒకేసారి రెండు జతలకూ డబ్బు సమకూరకపోతే, సమకూరేదాకా కంపెనీ ప్యాడ్లతోనే నడుపుతూ మంచి ఆయిల్ మాత్రం పోయించుకోండి.