బహ్రెయిన్ ‘ఫ్రీ వీసా’ ప్యాకేజీ: అమలాపురంలో ధర ఒకటి, మనామాలో లెక్క ఇంకొకటి

అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం చుట్టుపక్కల సబ్ ఏజెంట్లు అమ్మే గల్ఫ్ సరుకుల్లో వినడానికి అన్నిటికన్నా తియ్యగా ఉండేది బహ్రెయిన్ ‘ఫ్రీ వీసా’. కఫీల్ (వీసా ఇచ్చే యజమాని) కాగితం మీదే ఉంటాడట, పని ఎక్కడ దొరికితే అక్కడ చేసుకోవచ్చట. ఇక్కడ పరిశీలించిన ప్యాకేజీ ధర 1,30,000 రూపాయలు. అందులో వీసా, మెడికల్, టికెట్టు, ‘దిగాక మనవాళ్లు చూసుకుంటారు’ అనే మాట ఉన్నాయి. మార్కులు ముందే చెప్పేస్తే టికెట్టుకి ఐదుకి నాలుగు, మెడికల్‌కి మూడు, వీసాకి సున్నా. ‘మనవాళ్ల’కి మార్కులు వేద్దామంటే రసీదులో ఆ పద్దే లేదు.

వీసాకి సున్నా ఎందుకంటే, ఆ పేరుతో అక్కడ వీసా అనేదే లేదు. కమర్షియల్ రిజిస్ట్రేషన్ (సీఆర్) ఉన్న ఒక యజమాని తన కొట్టుకి మనుషులు కావాలని లేబర్ మార్కెట్ రెగ్యులేటరీ అథారిటీ (ఎల్ఎంఆర్ఏ) దగ్గర పర్మిట్లు తీసుకుని, వాటిని అమ్ముకుంటాడు. కొన్నవాడు ఇంకెక్కడో పనిచేస్తూ తనిఖీలో దొరికితే తప్పు ఆ పనివాడి మీదికీ వస్తుంది. రెన్యువల్‌కి కఫీల్ అడిగినంత ఇవ్వకపోతే ‘పనివాడు పారిపోయాడు’ అని కేసు పెడతాడు. ఆ ఒక్క కేసుతో సీపీఆర్ కార్డు (అక్కడి గుర్తింపు కార్డు) పనికిరాని అట్టముక్క అవుతుంది.

అచ్చంగా ఇలాంటి స్వేచ్ఛని ప్రభుత్వమే కొన్నాళ్లు అమ్మింది. 2017లో మొదలైన ఫ్లెక్సీ పర్మిట్‌కి ముందుగా 449 దీనార్లు, తర్వాత నెలకి 30 కట్టాలి. రెండేళ్లకి కలిపితే 1,169. దీనారు 225 రూపాయలని వేసుకున్నా 2,63,000 దాటుతుంది. 2022 అక్టోబరులో దాన్నీ ఎత్తేసి, రిజిస్టర్డ్ లేబర్ సెంటర్ల ద్వారా ఇచ్చే వేరే పర్మిట్ పెట్టారు. సర్కారు రెండున్నర లక్షలకి పైగా వసూలు చేసిన సదుపాయాన్ని మన ఏజెంటు టికెట్టుతో సహా లక్షా ముప్పైకి ఎలా ఇస్తాడో కొనేవాళ్లే అడగాలి.

ఈ రుసుముల వెనక ఆ దేశం కథ ఉంది. అది తెలియకుండా ధర అర్థం కాదు. 2011 ఫిబ్రవరి 14న జనం పాలనలో మార్పులు కావాలంటూ రాజధాని మనామాలోని పెర్ల్ రౌండబౌట్ అనే కూడలి దగ్గర చేరారు. అంతకు మూడు రోజుల ముందే రాజు కుటుంబానికి వెయ్యి దీనార్ల చొప్పున ప్రకటించినా ఆగలేదు. మార్చి 14న సౌదీ సేనలు వంతెన దాటి వచ్చాయి. మర్నాడు ఎమర్జెన్సీ పెట్టారు. 18న కూడలి మధ్యలో ఉన్న ముత్యం స్తూపాన్ని పడగొట్టారు. అది కూలేటప్పుడు దాని కింద నలిగి చనిపోయింది క్రేన్ డ్రైవరు, ఒక వలస కార్మికుడు. ఈ గొడవలపై విచారణకి వేసిన బస్యూనీ కమిషన్ ఆ ఏడాది నవంబరులో ఇచ్చిన నివేదిక 35 మరణాలను నమోదు చేసింది, నిర్బంధంలో చిత్రహింసలు జరిగాయని తేల్చింది. చనిపోయినవాళ్లలో పొట్టకూటికి వెళ్లిన విదేశీయులూ ఉన్నారు. నాలుగు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి.

మన పనివాడికి నేరుగా తగిలిన దెబ్బ మాత్రం ఎవరికీ పెద్దగా తెలియదు. 2009లో బహ్రెయిన్ యజమాని ఒప్పుకోకపోయినా ఉద్యోగం మారే వీలిచ్చింది. గల్ఫ్‌లో అది పెద్ద మాటే. 2011లో చట్టం సవరించి, ఒకే యజమాని దగ్గర ఏడాది చేశాకే మారాలన్నారు. అదే ఏడాది వ్యాపారుల ఊరట కోసం విదేశీ పనివాళ్ల మీద తలకి నెలకి 10 దీనార్ల రుసుము ఆపారు. 2013లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొదటి ఐదుగురికి 5, ఆరో మనిషి నుంచి 10 చేశారు. కట్టాల్సింది యజమాని. ‘ఫ్రీ వీసా’లో కట్టేది పనివాడు.

తర్వాత డబ్బు కష్టం ముదిరింది. 2011లో పొరుగు దేశాలు పదేళ్లలో వెయ్యి కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. 2014 నుంచి చమురు ధర పడింది. 2018లో సౌదీ, యూఏఈ, కువైట్ కలిసి ఇంకో వెయ్యి కోట్ల డాలర్లతో నిలబెట్టాల్సి వచ్చింది. ప్రభుత్వ అప్పు దేశ స్థూలోత్పత్తిని మించిపోయింది. వ్యాట్ 2019లో 5 శాతంతో మొదలై 2022 జనవరికి 10 శాతమైంది. 94 రకాల నిత్యావసర తిండి సరుకులకి మాత్రం మినహాయింపు ఉంది. 2024లో స్పాన్సరు లేకుండా విజిట్ వీసా మీద వచ్చినవాళ్లు వర్క్ వీసాకి మారడం ఆపేశారు, స్పాన్సరు ఉన్నవాళ్లకి మారే రుసుము 60 నుంచి 250 దీనార్లకి ఎక్కింది. కాలవలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది శివారు చేలే కదా, అక్కడ శివారు మన మనిషి.

దీనారు మాత్రం పడలేదు. 0.376 దీనార్లకి ఒక డాలరు, 2001 నుంచీ అదే కట్టు. ఇంటికి పంపే డబ్బు విషయంలో ఈ సరుకులో ఉన్న నిజమైన మంచి ఇదొక్కటే. కాంట్రాక్టులో అంకెలు చదవడం కూడా తెలియాలి. దీనారుకి వెయ్యి ఫిల్సులు, చుక్క తర్వాత మూడు అంకెలు వేస్తారు. 120.000 అంటే లక్షా ఇరవై వేలు కాదు, నూట ఇరవై దీనార్లు, అంటే పైన వేసుకున్న 225 లెక్కన 27,000 రూపాయలు. ఈ మూడు సున్నాలు చూపించి మాటల్లో బోల్తా కొట్టించే ఏజెంట్లున్నారు. 2024 మార్చి నుంచి సర్వీసు డబ్బుని (పని ముగించి వచ్చేటప్పుడు ఇచ్చేది) యజమాని నెలనెలా సోషల్ ఇన్సూరెన్స్ సంస్థలో జమ చేయాలి. మొదటి మూడేళ్లు జీతంలో 4.2 శాతం, ఆపైన 8.4. కాగితం కఫీల్ అది కడతాడని ఆశపెట్టుకోవద్దు.

‘అక్కడ గొడవలేం లేవు, అంతా ప్రశాంతం’ అన్న ఏజెంటు మాట సగమే నిజం. 2013 నుంచి రాజధానిలో ప్రదర్శనలు నిషేధం. ప్రధాన ప్రతిపక్షం అల్ వెఫాక్‌ని 2016లో రద్దు చేశారు. స్వతంత్ర పత్రిక అల్ వసత్ 2017లో మూతపడింది. ట్వీట్ల మీద మానవ హక్కుల కార్యకర్త నబీల్ రజబ్‌కి ఐదేళ్ల జైలు వేశారు. 2024 ఏప్రిల్‌లో పదిహేను వందల మందికి పైగా ఖైదీలని వదిలారు గానీ ఉద్యమ పెద్దలు ఆ జాబితాలో లేరు. సొంత పౌరుడికే అలా ఉన్నచోట కార్మికుడు ఫోనుతో జాగ్రత్తగా ఉండాలి. గుంపు కనిపిస్తే వీడియో తీయకూడదు, వచ్చిన వీడియోని ఊరి గ్రూపులోకి తోయకూడదు. జీతం బకాయి పడితే నలుగురూ కలిసి రోడ్డెక్కే మన అలవాటు అక్కడ పనికిరాదు. ఎల్ఎంఆర్ఏలోనో, కార్మిక శాఖలోనో, భారత ఎంబసీలోనో ఎవరి ఫిర్యాదు వాళ్లే కాగితం మీద ఇవ్వాలి.

వెళ్లాలనే ఉంటే కొనాల్సింది కంపెనీ వీసా. ఏజెంటు లైసెన్సు నెంబరు భారత ప్రభుత్వ ఈమైగ్రేట్ సైటులో వెతకండి, దొరక్కపోతే బేరం అక్కడితో సరి. సర్వీసు ఛార్జీ 30,000, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడగడానికి వీల్లేదు, రసీదు ఇవ్వాలి. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (పనికి వెళ్లాలంటే ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి కావాల్సినది) కిందికొస్తుంది, ఆ క్లియరెన్సు లేకుండా విజిట్ వీసాతో పంపితే ఎయిర్‌పోర్టులోనే ఆపేయొచ్చు. ఆపితే టికెట్టు డబ్బు గంగపాలు. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకి 275, మూడేళ్లకి 375 రూపాయలు, 10 లక్షల కవరు. ఈ ప్యాకేజీలో అది కూడా లేదు! ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలి, ఓంక్యాప్ (విదేశీ ఉద్యోగాలకి పంపే ఆంధ్రప్రదేశ్ సంస్థ) లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్లాలి. ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా చేతిలో పెట్టి ‘సూపర్‌మార్కెట్ పని’ అంటే నమ్మొద్దు.

దిగాక సీపీఆర్ నెంబరుతో ఎల్ఎంఆర్ఏ సైటులో పర్మిట్ ఎవరి పేరున ఉందో, ఏ పనికి ఉందో, ఎప్పటిదాకా ఉందో చూసుకోవచ్చు. నెలకోసారి చూడండి. పాతకాలంలో వెళ్లొచ్చినవాళ్ల ఇళ్లలో ముత్యం స్తూపం బొమ్మున్న 500 ఫిల్సుల నాణెం ఉంటే మాత్రం తీసుకెళ్లి లాభం లేదు. స్తూపం పోయాక ఆ నాణేన్నీ చలామణీ నుంచి ఎత్తేశారు, కొట్లో తీసుకోరు.