పావన నరసింహస్వామి దారిలో జీపు ప్రయాణం

ప్రొద్దుటూరు నుంచి చీకట్లోనే బయలుదేరి, ఆళ్లగడ్డ మీదుగా దిగువ అహోబిలం చేరాం. నవ నారసింహ క్షేత్రాల్లో ఎగువ అహోబిలం దాకా తారు రోడ్డుంది, జ్వాల, మాలోల గుళ్లకు నడిచి ఎక్కాలి. పావన నరసింహస్వామి గుడికి మాత్రం నల్లమల అడవిలో జీపు దారి ఉంది.

మా బావమరిది తన కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ బండి తానే తోలుతానని పట్టుబట్టాడు. అక్కడి జీపు డ్రైవరు ఒకాయన వంగి బండి కిందికి చూసి, "వద్దన్నా, అడుగు రాళ్లకు తగుల్తుంది" అన్నాడు. ఆయన మాట విని ఆయన జీపే ఎక్కి మంచి పని చేశాం.

అడవిలోకి పోయిన కాసేపటికే దారి అనేది లేకుండా పోయింది. వాన నీళ్లకు మట్టంతా కొట్టుకుపోయి బండరాళ్లు తేలి ఉన్నాయి. ఒక నిట్టనిలువు ఎక్కుడు దగ్గర డ్రైవరు బండి ఆపి, దిగి, రాళ్లను కాలితో తట్టి చూసి వచ్చాడు. పక్కనున్న చిన్న లివరు లాగి లో గేరులో, అంటే వేగం తగ్గి లాగే బలం పెరిగే గేరులో వేశాడు. రేసు పెంచలేదు. చక్రం ఒక్కో రాయి ఎక్కి దిగుతుంటే బండి నడకంత నెమ్మదిగా పాకింది. ఆయన బొటనవేళ్లు స్టీరింగు లోపలికి చుట్టలేదు, పైనే ఆనించాడు. ముందు చక్రం రాయికి కొట్టుకుంటే స్టీరింగు గిర్రున తిరిగి వేలు విరుగుతుందట. దిగేటప్పుడు బ్రేకు దాదాపు ముట్టుకోలేదు, గేరే బండిని పట్టి ఉంచింది.

వెనక సీట్లలో కుదుపు ఎక్కువ. నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ దారి జోలికి పోవద్దు. వాగులు పారే వానాకాలంలో కూడా వద్దు. బాడుగ ముందే మాట్లాడుకోండి, గుడి దగ్గర ఎంతసేపు ఆగుతారో కూడా అడగండి. నీళ్లు మీరే తెచ్చుకోవాలి.

గుడి చిన్నది. చెంచులక్ష్మిని పెళ్లాడిన ఈ స్వామి చెంచులకు ఇంటి అల్లుడు. ఆ నిశ్శబ్దంలో దర్శనం అయ్యాక ఒళ్లు నొప్పులు నాకు గుర్తే రాలేదు.

రాత్రి బస చేసిన ప్రైవేటు లాడ్జి మాత్రం బాగాలేదు, వేడినీళ్లు అడిగితే బకెట్టుకింత అన్నారు. ఈసారి టూరిజం వాళ్ల హరిత హోటల్లోనో, మఠం గదుల్లోనో ముందే బుక్ చేసుకుంటాం. భోజనానికి ఇబ్బంది లేదు, అన్నదానంలో కడుపునిండా తిన్నాం.

గుడి నుంచి తిరుగు దారిలో బావమరిది జీపులో ముందు సీటు అడిగి కూర్చున్నాడు. దిగువ అహోబిలం వచ్చేదాకా డ్రైవరును ఆ చిన్న లివరు గురించే అడుగుతూ ఉన్నాడు.