కడియమా, పుదుచ్చేరా: తోటల కోసం బయలుదేరే హైదరాబాదీకి ఏది మేలు?

హైదరాబాదులో ఉంటూ, నాలుగు రోజుల సెలవు దొరికితే సముద్రానికి దగ్గరగా ఉన్న తోటలు చూసి రావాలనుకునేవారికి ప్రధానంగా రెండు దారులు కనిపిస్తాయి. రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారుజామున రాజమహేంద్రవరంలో దిగి, కడియం, కడియపులంక నర్సరీలలో తిరిగి రావడం మొదటిది. చెన్నై చేరి అడయారులోని దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) తోటనూ, అందులోని పెద్ద మర్రినీ చూసుకుని, తూర్పు తీర రహదారి మీదుగా సుమారు 150 కిలోమీటర్లు దక్షిణానికి వెళ్ళి పుదుచ్చేరి బొటానికల్ గార్డెన్‌ను చూడటం రెండవది. విశాఖపట్నాన్ని ఈ లెక్కలోకి తీసుకోవడం లేదు. అక్కడి పార్కులు సాయంత్రం పూట కూర్చోవడానికి హాయిగా ఉంటాయి గానీ, వాటి కోసమే రైలెక్కవలసినంత పాతవీ కావు, వింతవీ కావు.

కడియాన్ని అందరూ తోట అంటారు గానీ, స్వభావంలో అది మొక్కల సంత. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, గోదావరి నీరు కాలువల్లో పారడం మొదలయ్యాక స్థిరపడిన సాగు, ఏటేటా వరద తెచ్చిపోసిన ఒండ్రు నేల, తీరం వైపు నుంచి వచ్చే తేమగాలి, ఈ మూడూ కలిసిన చోట మొక్కల పెంపకమే బతుకుతెరువుగా మారడంలో ఆశ్చర్యం లేదు. 16వ నంబరు జాతీయ రహదారికి ఇరువైపులా ఎంత దూరం చూసినా పచ్చని షేడ్ నెట్లు, వాటి కింద వరుసలు తీర్చిన సంచులు, సంచుల్లో చేమంతులు, గులాబీలు, క్రోటన్లు, లారీ మీదికి ఎక్కించడానికి వేర్ల చుట్టూ గోనెపట్ట బిగించి నిలబెట్టిన నిలువెత్తు చెట్లు కనిపిస్తాయి. అక్కడ ఒక షెడ్డులో గాలి అంట్లు కడుతున్న ఒకావిడను పావుగంట సేపు కదలకుండా చూశాను. వేలెడు లావున్న కొమ్మకు అంగుళం మేర చుట్టూ బెరడు గీసి ఒలిచి, అక్కడ తడిపిన నాచు గుప్పెడు అద్ది, పాలిథిన్ కాగితం చుట్టి, రెండు కొసలూ పురికొసతో బిగించి, ముడి సరిగా పడిందో లేదో చూడకుండానే పక్క కొమ్మకు వెళ్ళిపోయేది. కొన్ని వారాల తర్వాత ఆ కాగితంలోంచి తెల్లని వేళ్ళు కనిపిస్తే కొమ్మను కిందుగా కోసి సంచిలో నాటుతారు. కడియంలో చూడవలసింది ఈ పనితనమే అని నా అభిప్రాయం. పూల ముందు ఫోటోలు దిగి వచ్చేసేవారు అసలైనదాన్ని వదిలేసి వస్తున్నట్టే.

కొనే విషయంలో మాత్రం ఒక హెచ్చరిక చేయాలి. ఒకే మొక్క మీద నాలుగైదు రంగుల కాగితపు పూలు పూసేలా అంటు కట్టిన కుండీ ఒకటి అక్కడి ఒక నర్సరీలో ముచ్చటపడి కొన్నాను. ఏమీ కాదు, రోజూ నీళ్ళు పోయండి చాలు అని అమ్మినతను భరోసా ఇచ్చాడు. మా బాల్కనీలో ఏప్రిల్ వచ్చేసరికి, డెల్టా తేమలో మెత్తగా ఉన్న ఆ ఒండ్రు మట్టి ఇటుకలా గట్టిపడి, పోసిన నీరు వేరుకు అందకుండా అంచుల వెంట జారిపోయేది. అంటు కట్టిన కొమ్మలు ఒక్కొక్కటే ఎండిపోయాయి, కింద ఉన్న మూలమొక్క మాత్రం చిగురించి గులాబీ రంగు పూలతో కుండీనంతా ఆక్రమించింది. ఇక్కడి వీధుల్లో ఏ ప్రహరీ మీద చూసినా ఉండే రంగు అది. కడియం మొక్కను ఇంటికి తెచ్చిన వారం పది రోజుల్లో నీడన అలవాటు చేసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపిన మట్టిలోకి మార్చకపోతే ఖర్చంతా వృథా.

నా మొగ్గును అసలు తేల్చేది ఇంకొక సంగతి. కడియం మొక్కలు హైదరాబాదుకు తామే వస్తాయి. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా జరిగినప్పుడల్లా గోదావరి జిల్లాల స్టాళ్ళు వరుసగా వెలుస్తాయి, అక్కడ దొరికేదే ఇక్కడా దొరుకుతుంది. అడయారు మర్రి మాత్రం ఎవరి మేళాకూ రాదు.

మర్రిని చూడటానికి చెన్నై దాకా ఎందుకు, మహబూబ్‌నగర్‌లో మన పిల్లలమర్రి లేదా అని అడగవచ్చు. ఉంది, దాన్ని ముందు చూడవలసిందే. అయితే అడయారు మర్రి ఒంటరిగా నిలిచిన వింత కాదు. అడయారు నది సముద్రంలో కలిసే చోట, 1882లో దివ్యజ్ఞాన సమాజం వారు కొన్న 27 ఎకరాల హడిల్‌స్టన్ తోట తర్వాతి కాలంలో ఎన్నో రెట్లు విస్తరించి అడవిలా చిక్కబడిన నేలలో అది ఒక భాగం. వయసు సుమారు 450 ఏళ్ళని చెబుతారు. 1989 నాటి గాలివానకు దాని అసలు మాను కూలిపోయింది. చెట్టు కిందికి వెళ్ళి మొదలు ఎక్కడుందా అని వెతుక్కునేవారికి దొరికేది నడుమ ఖాళీ మాత్రమే. చుట్టూ ఊడలే మానులై నిలబడి చెట్టును బతికిస్తున్నాయి. ఇంత పెద్ద నగరం నడిబొడ్డున, హారన్ మోత వినపడని నీడలో ఆ ఖాళీ ముందు నిలబడటానికి రైలు టికెట్టు డబ్బులు ఎక్కువేమీ కావు.

పుదుచ్చేరి బొటానికల్ గార్డెన్‌ను ఫ్రెంచివారు 1826లో వేశారు. దాన్ని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు శామ్యూల్ పెర్రోటె, అంతకుముందు ఆఫ్రికాలోని సెనెగల్‌లో మొక్కలు సేకరించిన వృక్షశాస్త్రజ్ఞుడు. 1870లో పుదుచ్చేరిలోనే కన్నుమూశాడు. గోల్కొండ నయా ఖిల్లాలోని బ్రహ్మాండమైన ఏనుగు చెట్టును, అదే హాథియాఁ కా ఝాడ్‌ను, చూసినవారికి ఇక్కడ ఒక చుట్టరికం తోస్తుంది, ఎందుకంటే ఆ బావోబాబ్ కూడా ఆఫ్రికా ఖండానిదే. ఒక ఖండం మొక్క ఇంకొక ఖండంలో వేళ్ళూనిన చరిత్ర చదవాలంటే ఇటువంటి తోటలే పుస్తకాలు. ఆ మాటకొస్తే అంతకంటే ముందే, 1781 ప్రాంతంలో, మన సామర్లకోటలో వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ మిరియాలు, సీమపనస వంటివి పెంచి చూశాడు, 1793లో కలకత్తాకు వెళ్ళిపోయాడు. అతను రాసి, బొమ్మలు గీయించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రఫలకాలతో వెలువడింది. ఆ గ్రంథమే మిగిలింది. తోటను వెతుక్కుంటూ సామర్లకోటలో దిగితే భీమేశ్వరుడి దర్శనమే దక్కుతుంది. కోస్తా ఆంధ్రలో పోగొట్టుకున్నది పుదుచ్చేరిలో నిలిచి ఉండటం కూడా నా మొగ్గుకు ఒక కారణం.

పుదుచ్చేరిలో నాకు బాగా గుర్తుండిపోయింది నాగలింగం చెట్టు. దక్షిణ అమెరికా నుంచి వచ్చి, మన శివాలయాల్లో చోటు సంపాదించుకున్న చెట్టిది. పూలు చిటారు కొమ్మన కాక మానును చీల్చుకుని వచ్చినట్టు మొదట్లోనే గుత్తులుగా పూస్తాయి. పువ్వు లోపల కేసరాలు పడగలా వంగి, నడుమ చిన్న లింగంలాంటి బొడిపెను కప్పి ఉంటాయి. పూల వాసన ఎంత తియ్యనో, నేల మీద పడి పగిలిన ఫిరంగి గుండులాంటి కాయ వాసన అంత దుర్భరం. పిల్లలను తీసుకెళ్తే రెండూ వాసన చూడనివ్వాలి. 2011 డిసెంబరు 30న థానే తుపాను ఈ ప్రాంతంలోనే తీరం దాటి పుదుచ్చేరిలో చెట్లను విపరీతంగా కూల్చిన సంగతి తెలిసి వెళ్తే, మిగిలిన పాత మానుల విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. తోట నిర్వహణ అద్దంలా ఉంటుందని ఆశించి వెళ్ళకూడదు, తీర్చి కత్తిరించిన పచ్చిక కోసమైతే ఊటీయే నయం.

ఆరోవిల్‌ గురించి రెండు మాటలు చాలు. పుదుచ్చేరి పక్కనే ఉన్న ఈ అంతర్జాతీయ నివాస పట్టణం 1968లో మొదలైనప్పుడు ఎర్రగా, బోడిగా ఉన్న నేల ఇప్పుడు అడవి. అక్కడి ధ్యానమందిరమైన మాతృమందిరం పక్కన మర్రి బాగుంటుంది. కానీ సాధారణ సందర్శకులను చూడనిచ్చేది దూరంగా ఉన్న ఒక గట్టు మీది నుంచే కాబట్టి, తోటల కోసమే వెళ్ళేవారికి అది కొసరు మాత్రమే.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉండి, సెలవు రెండు రోజులే అయితే కడియం సులువు. నడక తక్కువ, గోదావరి స్నానమూ అవుతుంది, డిసెంబరు, జనవరి నెలల్లో పూలు నిండుగా ఉంటాయి. నాలుగు రోజులు చేతిలో ఉంటే చెన్నై, పుదుచ్చేరి వైపే వెళ్ళమంటాను. అటువైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు బయలుదేరాలి. అడయారు తోటలోకి ఉదయం కొంతసేపు, మధ్యాహ్నం కొంతసేపు మాత్రమే రానిస్తారు, ఆదివారం తెరవరు. అందుచేత శనివారం రాత్రి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆదివారం అక్కడ దిగేలా కాక, ఆదివారం రాత్రి ఎక్కి సోమవారం ఉదయానికి చేరేలా టికెట్టు చేయించుకోవాలి.