దామరచర్ల బొగ్గా, పాలమూరు ఎండా: ఏది మేలు?

దేశంలో సగం కరెంటు ఇప్పటికే బొగ్గు లేకుండా వస్తోందని చదివాం, మరి దామరచర్లలో కొత్తగా బొగ్గు మండించడం దేనికి? అక్కడి యాదాద్రి థర్మల్ ప్లాంటు యూనిట్లు ఒక్కొక్కటిగా మొదలవుతున్నప్పటి నుంచి నల్లగొండ, మిర్యాలగూడ పాఠకులు అడుగుతున్నది ఇదే. ఇంత ఎండ పెట్టుకుని ఇంకా బొగ్గేమిటని పాలమూరు వాళ్ల ప్రశ్న.

ముందు ఆ ‘సగం’ సంగతి. 2030 నాటికి విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) వనరులదే కావాలన్న లక్ష్యాన్ని భారత్ 2025 జూన్‌లోనే అందుకుంది. చిన్న విషయం కాదు. కానీ అది సామర్థ్యం లెక్క. ఇంట్లో పది బిందెలున్నాయంటే పది బిందెల నీళ్లున్నాయని కాదు కదా! పుట్టే కరెంటులో నూటికి సుమారు డెబ్బై యూనిట్లు ఇప్పటికీ బొగ్గువే. జీడీపీలో ఒక్కో రూపాయికి వెలువడే ఉద్గారాలు 2005తో పోలిస్తే 2020 నాటికి 36 శాతం తగ్గాయి. మొత్తం ఉద్గారాలు మాత్రం పెరిగాయి.

దామరచర్ల వైపు వాదన తీసిపారేయదగినది కాదు. ఐదు యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు. అర్ధరాత్రి అయినా, ముసురు పట్టినా నడుస్తాయి. అన్నీ పూర్తి స్థాయిలో నడిస్తే రోజుకు 9.6 కోట్ల యూనిట్ల కరెంటు. యూనిట్‌కు 900 గ్రాములని వేసుకున్నా రోజుకు 86 వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్. బూడిద, కృష్ణా నీరు వేరే. బొగ్గు గనుల దగ్గర కట్టకుండా ఇంత దూరం ఎందుకు తెచ్చారన్నది నాకు మొదటి నుంచీ మింగుడుపడని విషయం.

ఎండకు ఇంధన ఖర్చు లేదు. అయితే మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి, ఏడాది సగటున సామర్థ్యంలో ఐదో వంతుకు కాస్త అటూ ఇటూగానే కరెంటు వస్తుంది. పొద్దుగూకితే సున్నా.

అందుకే ఈ పోటీని తేల్చేది కరెంటు ఏ గంటల్లో కావాలన్నదే అంటాను. మన తెలంగాణలో కరెంటు గిరాకీ తారస్థాయికి చేరేది యాసంగి వరి ఎదిగే ఫిబ్రవరి, మార్చిలలో. 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. ప్రధాన కారణం బోర్లు. బోరు మోటారుకు రాత్రి కరెంటే కావాలన్న పట్టింపు లేదు. పగలు పారించిన నీళ్లు రాత్రంతా మడిలోనే ఉంటాయి. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక, ఆటో స్టార్టర్లు ఉన్న చోట మోటార్లు రాత్రిళ్లూ వాటంతట అవే తిరిగాయి. సబ్‌స్టేషన్ పక్కనే సోలార్ ప్లాంటు పెట్టి, వ్యవసాయ ఫీడర్‌కు (బోర్లకు కరెంటు మోసే లైనుకు) పగటిపూట నికరంగా కరెంటు ఇస్తే ఆ బొగ్గంతా మిగులుతుంది. రైతుకూ సుఖమే. త్రీఫేజ్ కోసం పాములు తిరిగే చీకట్లో మోటారు దగ్గరకు వెళ్లిన రోజులు మా తరం మరిచిపోలేదు.

ఇళ్లకు సాయంత్రం కావాల్సిన కరెంటును మాత్రం దాచుకోవాలి. దానికి యంత్రాలు ఉన్నాయి. నాగార్జునసాగర్‌లో నీటిని వెనక్కి తోడగల యూనిట్లు ఏడు, ఒక్కోటి 100.8 మెగావాట్లు. శ్రీశైలం ఎడమగట్టున, నాగర్‌కర్నూల్ జిల్లా వైపు, 150 మెగావాట్లవి మరో ఆరు. పగటి ఎండతో నీటిని పైకి తోడి, చీకటి పడ్డాక వదిలితే పెట్టిన నూరు యూనిట్లలో డెబ్బై ఐదు వరకు తిరిగొస్తాయి. చిక్కల్లా దిగువన నీళ్లుండటం, కృష్ణా మీద రెండు రాష్ట్రాల తగాదా తెమలడం. కరువు ఏడాది వీటిపై ఆశ పెట్టుకోలేం.

అణు విద్యుత్తుకు యురేనియం అంటారా, నల్లమలలో తవ్వొద్దని 2019లో శాసనసభే తీర్మానించింది. బ్యాటరీల ధర తగ్గుతోంది, చూద్దాం.

నా ఓటు ఎండకే, అందులోనూ ఫీడర్ల దగ్గరి చిన్న ప్లాంట్లకు. దామరచర్ల ప్లాంటును కట్టాక మూసేయమనడం వట్టి మాట. పగలు తగ్గించి, పొద్దుగూకాక పెంచుతూ నడపమని అడగవచ్చు. అలా నడిపితే యూనిట్ ఖర్చు పెరుగుతుంది, బాయిలర్ త్వరగా అరుగుతుంది. ఆ భారం కరెంటు పంపిణీ చేసే డిస్కంలదా, ప్రభుత్వానిదా అన్నది విద్యుత్ నియంత్రణ మండలి ముందు తేలాల్సిన లెక్క.