థొరంగ్ లా దాటే ముందు రాత్రి బస: ఫేదీయా, హై క్యాంపా?

నేపాల్‌లో కొండల చుట్టూ నడిచే అన్నపూర్ణ సర్క్యూట్‌ దారిలో థొరంగ్ లా అనే పాస్ (కనుమ, 5,416 మీటర్లు) ఎక్కే ముందు రాత్రి తల దాచుకోవడానికి రెండు చోట్లున్నాయి. సుమారు 4,450 మీటర్ల ఎత్తున థొరంగ్ ఫేదీ, దాని నెత్తిన 4,880 దగ్గర హై క్యాంప్. మా ఓటు ఫేదీకే.

3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. ముందు రాత్రి యాక్ ఖర్కా (4,050)లో ఉన్నవాళ్లకు ఫేదీ 400 మీటర్ల ఎక్కుడు, హై క్యాంప్ 800 పైమాటే. ఒక్కసారిగా అంత ఎక్కితే తలనొప్పి పట్టుకోవచ్చు, అన్నం సహించకపోవచ్చు, నిద్ర రాకపోవచ్చు. తెల్లారి పాస్ ఎక్కాల్సిన ఒంటికి ఈ మూడూ చేటే. మధ్యాహ్నం ఓపికుంటే హై క్యాంప్ దాకా ఎక్కి, కాసేపు కూర్చుని, దిగొచ్చి ఫేదీలో పడుకోండి. తలనొప్పి తగ్గకపోయినా, నడకలో తూలుతున్నా ఇంకా పైకి వెళ్లొద్దు, కిందికి దిగాలి.

ఫేదీ లాడ్జీల్లో గదులు చల్లగా ఉంటాయి, పొయ్యి భోజనాల హాల్లోనే. అద్దె తక్కువే కానీ తిండి అక్కడే తినాలన్నది షరతు. సరుకంతా మోసుకొచ్చిందే కాబట్టి ధరలు మండుతాయి. దాల్ భాత్ చెప్పండి, అన్నం, పప్పు మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. వేడినీళ్లకు, ఛార్జింగ్‌కు వేరే డబ్బు. నగదు కింద నుంచే తెచ్చుకోవాలి. అక్టోబరులో గదులు నిండిపోతాయి కనుక గైడ్‌తో ముందే చెప్పించండి.

తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరితే చాలు. పొద్దెక్కేకొద్దీ పాస్ మీద గాలి బలుస్తుంది, అందుకే 10 లోపు దాటాలి. అలాగని 2 గంటలకే కదిలితే వేళ్లు కొంకర్లు పోయే చలిలో చీకట్లో ఎక్కాలి. వీపు సంచిలోని నీళ్ల తిత్తి నుంచి తాగే గొట్టం ముందు గడ్డకడుతుంది. సీసాలో వేడినీళ్లు పోసి తలకిందులుగా పెట్టుకుంటే మూత దగ్గర గడ్డకట్టదు. అవతల ముక్తినాథ్ దాకా 1,600 మీటర్ల దిగుడు, మోకాళ్లను పిండేది అదే. కర్రలు రెండూ ఉండాలి, మంచుంటే బూట్లకు తొడిగే ఇనుప ముళ్ల పట్టీలు (మైక్రోస్పైక్స్) కూడా.

రాత్రి మంచు కురిస్తే కదలొద్దు. 2014 అక్టోబరు 12న విశాఖను ఊడ్చేసిన హుద్‌హుద్ 14న ఇక్కడ మంచుతుపానై విరుచుకుపడింది. ఈ కొండల్లో 40 మందికి పైగా చనిపోయారు. బంగాళాఖాతంలో తుపాను పుట్టిందని తెలిస్తే యాక్ ఖర్కాకు ముందు వచ్చే మనాంగ్ ఊళ్లోనే ఆగండి. ప్రయాణంలో రెండు రోజులు అదనంగా పెట్టుకోవాల్సింది ఇందుకే.

ఒక మాట ముక్తినాథ్ యాత్రికులకు. 108 దివ్యదేశాల్లో ఒకటని మనవాళ్లు జీపుల్లో అక్కడి దాకా వస్తుంటారు. దగ్గరే కదా అని అటు నుంచి పాస్ ఎక్కబోకండి. ఎత్తుకు అలవాటు పడని ఒంటితో ఒక్క రోజులో 1,600 మీటర్లు ఎక్కడం ప్రాణం మీదికి తెస్తుంది.